బండి పట్టేస్తోంది

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఐదుగురున్నారు. వరండాలో కుట్టుమిషను ముందు తెరేసమ్మ. ఆమె కాళ్ళ దగ్గర, కత్తిరించిన నీలం గుడ్డ ముక్కల్ని జతలుగా పేరుస్తూ పదహారేళ్ళ కూతురు బ్లెస్సీ. మంచం మీద, చర్చికి కట్టుకెళ్ళిన తెల్లచీర మార్చకుండానే కునుకు తీస్తున్న నాయనమ్మ సంపూర్ణమ్మ. వాకిట్లో కారు అద్దం తుడుస్తున్న ఇంటాయన శౌరయ్య. ఐదో మనిషి అబ్దుల్ రవూఫ్ గారు ఆ ఇంటివాడు కాదు. మైలవరం బజారులో ఆయనకు చెప్పుల కొట్టుంది. డ్రైవింగ్ నేర్చుకోవడానికి నాలుగు గంటలకు రమ్మంటే మూడింటికే వచ్చి, టీ తాగి, రెండో టీ కోసం గ్లాసు కింద పెట్టకుండా కూర్చున్నాడు.

ప్రహరీగోడ మీద పసుపు రంగులో 'శౌరి డ్రైవింగ్ స్కూల్' అని రాసి ఉంటుంది. దాని కింద చిన్న అక్షరాలతో, 'జెంట్స్ ఇరవై రోజులు, లేడీస్ ముప్పై రోజులు' అని ఉంటుంది. స్కూలంటే ఆ తెల్ల కారూ, శౌరయ్యా, అంతే. ఆ కారుకు బ్రేకులు రెండు. నడిపేవాళ్ళ కాలి కింద ఒకటి, ఎడమ సీట్లో కూర్చుని నేర్పే శౌరయ్య కాలి కింద ఇంకొకటి. రెంటినీ ఒక ఇనప కడ్డీ కలుపుతుంది. నేర్చుకునేవాళ్ళు కంగారుపడి ఆపలేకపోతే ఆయన తన పెడలు తొక్కి ఆపుతాడు.

"గురువారం టెస్టు," అన్నాడు శౌరయ్య, గుడ్డ దులుపుతూ. "మూడోసారి కూడా ఆపాల్సిన చోట ఆపకుండా బండి గీత దాటించావంటే ఇక నా వల్ల కాదు తెరేసా. ఊరందరికీ నేర్పినవాడు ఇంటి మనిషికి నేర్పలేకపోయాడని ఆర్టీవో ఆఫీసులో నన్ను చూసి నవ్వుతున్నారు."

"మిమ్మల్ని చూసి నవ్వుతారు, అంతేగా. నేనైతే గుడ్డ మూటలేసుకుని మళ్ళీ బస్సెక్కాలి," అంది తెరేసమ్మ, మిషను ఆపకుండా. "పోయినేడు విజయవాడ వన్ టౌన్ నుంచి తెచ్చిన గుడ్డ తాను బస్సులో ఎవరో తొక్కి బురద చేస్తే, నాలుగుసార్లు ఉతికి కుట్టాను. ఈసారి రెండు బళ్ళ యూనిఫారాలు ఒప్పుకున్నాను. కారుంది, నేనే తెచ్చుకుంటానని కాన్వెంటు సిస్టర్ గారికి మాటిచ్చాను."

"ఎవరిమ్మన్నారు?"

"ఇంటి ముందు కారు కనపడి ఇచ్చాను."

రవూఫ్ గారు గ్లాసులోకి నవ్వాడు. "చెల్లెమ్మా, నేను పదో రోజుకే బండిని దారికి తెచ్చాను. మీరు భయం వదిలేయండి, అదే వస్తుంది."

"నాకు భయమేం లేదన్నయ్యా. నేను వదిలేసినా బండే కదలదు. పట్టేస్తుంది."

"బండి కాదు, నీ కాలు పట్టేస్తుంది," అన్నాడు శౌరయ్య. "పదండి, పదండి."

బ్లెస్సీ కూడా లేచింది. అమ్మ పాఠానికి వెళ్ళినప్పుడల్లా ఆమె వెనక సీట్లో కూర్చోవాలి. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. బ్లెస్సీ ఏదీ పెద్దగా అడిగే పిల్ల కాదు. బళ్ళో పదేళ్ళు చదివి, అటెండెన్సుకు 'ప్రెజెంట్ సార్' అనడం తప్ప క్లాసులో నోరు విప్పలేదని వాళ్ళ హెడ్మాస్టరు ఒకసారి మెచ్చుకున్నట్టే అన్నాడు. అనాలనుకున్నవన్నీ ఆమె రాత్రిళ్ళు డైరీలో రాసుకునేది.

ధాన్యం యార్డు ఆ రోజుల్లో ఖాళీగా ఉంటుంది. గేటు పక్కన లారీలు తూచే కాటా, దాని ముందు నుంచి గోడౌన్ల షట్టర్ల వెంబడి పొడుగ్గా సిమెంటు నేల. శౌరయ్యకు ఒక పద్ధతి ఉంది. స్టీరింగు తిప్పడం నేర్పకముందే 'దొర్లుడు' నేర్పుతాడు. కాటా దాకా రెండో గేరులో రావాలి. కాటా రాగానే గేరు తీసి న్యూట్రల్‌లో పెట్టి, రెండు కాళ్ళూ పెడళ్ళ మీద నుంచి తీసేయాలి. బండి తన బరువుతో తను దొర్లి, తనంతట తనే ఆగాలి. "బండి ఎంతదూరం పోవాలనుకుంటుందో ముందు నీ ఒంటికి తెలియాలి. బ్రేకు సంగతి తర్వాత," అంటాడు.

రవూఫ్ గారు ఆ రోజు నాలుగుసార్లు దొర్లించాడు. ప్రతిసారీ బండి మొదటి షట్టరు దాటి, రెండోది దాటి, మూడో షట్టరు ముందు మెత్తగా ఆగింది. శౌరయ్య ఎడమ సీట్లో బాసింపట్టు వేసుకుని, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, ఎన్నికల గురించి మాట్లాడాడు.

తర్వాత తెరేసమ్మ ఎక్కింది. చెప్పులు విప్పి పక్కన పెట్టింది. కొంగు నడుముకు బిగించింది. శౌరయ్య శనక్కాయల పొట్లం జేబులో పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు.

కాటా వచ్చింది. గేరు తీసింది. "వదిలేశాను," అంది.

బండి మొదటి షట్టరు దాకా వెళ్ళి, ఎవరో వెనక నుంచి చీర కొంగు పట్టుకున్నట్టు నిలబడిపోయింది.

"కాలు తియ్యమన్నానా!"

"తీశానండీ!"

"తీస్తే ఇక్కడాగుతుందా? ఆయనకు మూడో షట్టరు దాకా పోయిన బండి నీకు మొదటి దాని దగ్గరే ఎందుకాగింది? బండికి నీ మీద పగా?"

ఐదుసార్లూ అంతే జరిగింది.

*

సోమవారం పొద్దున్నే తెరేసమ్మ పట్టుబట్టి కారును జాకీర్ షెడ్డుకు తీసుకెళ్ళేలా చేసి, బ్లెస్సీతో తనూ వెళ్ళింది. జాకీర్ ఇరవయ్యేళ్ళుగా ఆ రోడ్డు మీద మెకానిక్కు. ఎవరు ఏం చెప్పినా సగం విని బండి కిందికి దూరిపోతాడు. ఈసారి మాత్రం తెరేసమ్మ చెప్పిందంతా నిలబడి విన్నాడు.

"గేరులో ఉండగా యాక్సిలరేటరు వదిలితే ఇంజనే వెనక్కి లాగుతుందమ్మా. అది మామూలే. మీరు న్యూట్రల్ చేశాక కూడా పట్టేస్తుందంటున్నారు కాబట్టి ఇంజను సంగతి కాదు." వేళ్ళు మడిచాడు. "టైర్లలో గాలి తక్కువైతే ఈడుస్తుంది. హ్యాండుబ్రేకు సరిగ్గా దిగకపోతే ఈడుస్తుంది. బ్రేకు తుప్పుపట్టి, నొక్కి వదిలినా వెనక్కి రాకపోతే ఈడుస్తుంది. చూద్దాం."

గాలి చూశాడు. సరిగ్గానే ఉంది. జాకీ పెట్టి ఒక్కో చక్రాన్నీ లేపి చేత్తో తిప్పాడు. నాలుగూ రంగులరాట్నాల్లా తిరిగాయి. బ్లెస్సీకి తిప్పాలనిపించింది. అడగకుండా చూస్తూ నిలబడింది. జాకీర్ అది కనిపెట్టి, "తిప్పమ్మా, ఏం కాదు," అన్నాడు. ఆమె ఒక చక్రాన్ని తిప్పింది. అది చాలాసేపు తిరిగి, ఇష్టం లేకుండా ఆగింది.

"బండిలో ఏ రోగమూ లేదు మాస్టారూ," అన్నాడు జాకీర్.

శౌరయ్య భార్య వైపు చూశాడు.

"ఒక పని చెయ్యండి," అన్నాడు జాకీర్, చేతులు తుడుచుకుంటూ. "సాయంత్రం నడిపాక దిగి, ముందు చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ముట్టుకోకండి, దగ్గర పెడితే చాలు. బ్రేకు పడుతూ ఉంటే సెగ కొడుతుంది. చక్రం దాచుకోలేదు."

ఆ సాయంత్రం రవూఫ్ గారి పాఠం అయ్యాక బ్లెస్సీ దిగి, ముందు చక్రం దగ్గర అరచెయ్యి పెట్టింది. స్టవ్వు ఆర్పిన చాలాసేపటికి గిన్నె ఉన్నట్టు గోరువెచ్చగా ఉంది. తెరేసమ్మ పాఠం అయ్యాక మళ్ళీ పెట్టింది. వెంటనే తీసేసుకుంది. సెగ! కాలిన ఇనుము వాసన కూడా వచ్చింది.

శౌరయ్య వంగి తనూ చూశాడు. "ఇంకేం కావాలి?" అన్నాడు నెమ్మదిగా. "బ్రేకు పడుతూనే ఉంది. బండిలో రోగం లేదు. ఇక మిగిలింది ఎవరు?"

తెరేసమ్మ చక్రాన్ని చూసింది, తన కుడి పాదాన్ని చూసుకుంది. "నాకు తెలీకుండా పెడుతున్నానేమో," అంది. ఆ గొంతు బ్లెస్సీ ఎప్పుడూ విననిది. బియ్యం తక్కువ తూచిన షాపువాడితోనూ, జాకెట్టు బిగుతైందన్న సర్పంచు భార్యతోనూ అమ్మ ఆ గొంతుతో మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక తెరేసమ్మ మిషను మీద గుడ్డ కప్పేసింది.

"ఏమ్మా, రాజీనామానా?" అంది సంపూర్ణమ్మ మంచం మీద నుంచి.

"టెస్టుకు వెళ్ళనత్తయ్యా. సిస్టర్ గారికి ఫోన్ చేసి ఒక బడే కుడతానని చెప్తాను."

"నీకు కాలు మీద స్వాధీనం లేదా? ఆ కాలితో పొద్దస్తమానం మిషను తొక్కుతావు. దారం తెగకుండా ఆపమంటే ఆపుతావు. ఆ కాలికి కారు తెలీదా?"

బ్లెస్సీ ఆ రాత్రి డైరీలో రెండు వాక్యాలే రాసింది. 'అమ్మ అబద్ధం చెప్పదు. చక్రం కూడా చెప్పదు.' చాలాసేపు ఆ రెంటినీ చూస్తూ కూర్చుంది. రెండూ నిజమైతే, మూడోది ఇంకేదో ఉండాలి.

*

మంగళవారం తెరేసమ్మ యార్డుకు రానంది. సంపూర్ణమ్మ ఆమె చెప్పులు తెచ్చి గుమ్మంలో పెట్టింది. అత్తగారు చెప్పులు ముట్టుకున్నందుకు సిగ్గుపడి తెరేసమ్మ బయలుదేరింది.

యార్డు గేటు దగ్గర బ్లెస్సీ దిగిపోయింది. "నేను బయట ఉంటా," అంది.

"ఎందుకే?"

"ఊరికే."

కారు కాటా వైపు వెళ్ళింది. బ్లెస్సీ వెనక నిలబడి చూసింది. కాటా దగ్గర బండి కుదుపు కొద్దిగా తగ్గింది. అంటే అమ్మ గేరు తీసింది. ఆ క్షణం నుంచి, బండి మొదటి షట్టరు దగ్గర ఆగేదాకా, వెనక రెండు ఎర్రలైట్లూ వెలుగుతూనే ఉన్నాయి.

బ్రేకు తొక్కితేనే అవి వెలుగుతాయి. నాన్న చెప్పిందే నిజం. అమ్మ కాలే. ఈ మాట అమ్మకు ఎలా చెప్పాలి? చెప్పకుండా ఉంటే గురువారం అమ్మ మళ్ళీ గీత దాటుతుంది.

అక్కడ ఆగింది ఆమె ఆలోచన. గీత దాటడమేంటి? కాలు బ్రేకు మీద పెట్టుకుని నడిపేవాళ్ళ బండి గీత ముందే ఆగాలి కదా. రెండు టెస్టుల్లోనూ అమ్మ ఫెయిలైంది బండి ఆగక. ఇక్కడేమో పోక.

ఆమె పరుగెత్తింది. కారు వెనక తలుపు తీసి ఎక్కి, ఎప్పుడూ కూర్చునే కిటికీ పక్కన కాకుండా, సీటు మధ్యలోకి జరిగి, ముందు సీట్ల సందులో తల పెట్టింది.

"ఏంటే, మేకపిల్లలాగా?" అన్నాడు శౌరయ్య.

"పోనివ్వమ్మా," అంది బ్లెస్సీ.

కాటా వచ్చింది. తెరేసమ్మ గేరు తీసింది. కుడి పాదాన్ని ఎత్తి, కావాలనే అందరికీ కనపడేలా, తలుపు వారగా మ్యాటు మీద పెట్టింది. పాదం అక్కడుంది, వేళ్ళకు మెట్టెలతో సహా. బ్రేకు పెడలు దానికి జానెడు దూరంలో ఉంది. ఎవరూ తొక్కకుండానే ఆ పెడలు కొంచెం కిందికి దిగి ఉంది.

బ్లెస్సీ తల ఎడమకు తిప్పింది. నాన్న మోకాలు, పాంటు అంచు, తోలు చెప్పు. ఆ చెప్పు రెండో పెడలు మీద ఆనించి ఉంది. తొక్కినట్టు కాదు. అలసిన మనిషి మెట్టు మీద కాలు పెట్టుకున్నట్టు.

బండి ఆగింది. మొదటి షట్టరు.

"చూశావా మళ్ళీ..." అని మొదలుపెట్టాడు శౌరయ్య.

"నాన్నా," అంది బ్లెస్సీ. ఆయన ఇంకా అమ్మ వైపే చూస్తున్నాడు. మళ్ళీ అంది. "నాన్నా, నీ కాలు."

"నా కాలేంటి?"

ఆమె వేలు పెట్టి చూపించింది. శౌరయ్య కిందికి చూసుకున్నాడు. తెరేసమ్మ కూడా స్టీరింగు మీద నుంచి వంగి చూసింది. కాసేపు ముగ్గురూ ఒక చెప్పును చూస్తూ కూర్చున్నారు.

"నేను తొక్కలేదే," అన్నాడు శౌరయ్య. "ఊరికే పెట్టానంతే."

"పెడితే చాలు నాన్నా. ఇందాక బయట నుంచి చూశాను, లైట్లు వెలుగుతున్నాయి. అమ్మ కాలు మ్యాటు మీదుంది, అయినా ఈ పెడలు దిగి ఉంది. రవూఫ్ గారి పక్కన నువ్వు బాసింపట్టు వేసుకుని కూర్చుంటావు, అందుకే ఆయనకు మూడో షట్టరు దాకా పోతుంది." ఊపిరి పీల్చుకుంది. అన్ని మాటలు ఒకేసారి అనడం ఆమెకు కొత్త. ఐనా ఇంకొకటి మిగిలింది. "టెస్టులో నువ్వు పక్కనుండవు. బండి అదే ఆగుతుందని అమ్మ చూస్తుంది. నువ్వు నేర్పింది అదేగా. అది ఆగదు. అందుకే గీత దాటుతోంది."

తెరేసమ్మ ముందు నవ్వలేదు. భర్త మొహం వైపు చూసింది. ఆయన తన కాలిని ఎవరిదో పరాయి కాలిలా చూసుకుంటున్నాడు. అప్పుడు నవ్వొచ్చింది ఆమెకు. నవ్వు ఆగక స్టీరింగు మీద తల పెట్టింది. హారన్ మోగింది. గోడౌను మీది పావురాలన్నీ లేచాయి.

"నన్ను చక్రం ముందు నిలబెట్టి, మిగిలింది ఎవరని అడిగారు కదా!"

"కాలు కిందికి తీశాను. పోనియ్," అన్నాడు శౌరయ్య.

బండి మొదటి షట్టరు దాటింది. రెండోది కూడా దాటబోతుంటే పట్టేసింది. ఇద్దరాడవాళ్ళూ ఒకేసారి కిందికి చూశారు. తోలు చెప్పు మళ్ళీ పెడలు మీద ఉంది.

"ఇది నేను పెట్టలేదు! దానంతటదే..."

"బాసింపట్టు వేసుకోండి," అంది తెరేసమ్మ.

వేసుకున్నాడు. కాటా దాటాక మోకాలు దానంతటదే విడిపోయింది. చివరికి ఆయన దిగి, వెనక సీట్లో బ్లెస్సీ పక్కన కూర్చున్నాడు. ముందు ఎడమ సీటు ఖాళీగా ఉంది. బండి కాటా దాటి, మొదటిది, రెండోది, మూడో షట్టరు దాకా దొర్లి, అక్కడ ఆగకుండా ఇంకో మూర పోయింది. "యేసయ్యా!" అని అరిచింది తెరేసమ్మ, భయంతో కాదు. వెనక సీట్లో శౌరయ్య కుడికాలు ఖాళీ మ్యాటును గట్టిగా తొక్కిపట్టి ఉంది. బ్లెస్సీ చూసింది కానీ చెప్పలేదు.

*

బుధవారం శౌరయ్య పొద్దున పాఠాలు మానేశాడు. వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ ఫోన్లు చేశాడు. "ముబీనా గారా? శౌరయ్యనమ్మా. ఆ అంగన్‌వాడీ అయ్యాక ఒకసారి వస్తారా? లేదు, ఫీజేం లేదు. మీరు రెండుసార్లు ఫెయిలయ్యారు చూడండి... ఆ, గీత దాటిందనే. అది మీ తప్పు కాదేమో అనిపించి." ఆ తర్వాత బసవపున్నయ్య గారి కోడలికి, నర్సమ్మకి, పేరు గుర్తులేని ఇంకొకామెకు. మంచం మీద నుంచి సంపూర్ణమ్మ కొడుకును చూస్తూ, "ఎంతమందిరా?" అంది.

"గుర్తొచ్చిన వాళ్ళు పదకొండు మంది."

"మగాళ్ళ పక్కన ఎందుకు పెట్టలేదురా ఆ కాలు?"

శౌరయ్య ఫోను జేబులో పెట్టుకున్నాడు. "తెలీదమ్మా," అన్నాడు. నిజమే చెప్పాడని బ్లెస్సీకి అనిపించింది. మధ్యాహ్నం ఆయన సున్నం డబ్బా తెచ్చి, గోడ మీద ఇరవై రోజులు, ముప్పై రోజులు అన్న లైను మీద రెండు పూతలు పూశాడు.

సాయంత్రమంతా తెరేసమ్మ యార్డులో నడిపింది. ఈసారి దొర్లుడు కాదు, ఆపుడు. బ్రేకు తన కాలితో తనే వేసి, సున్నంతో గీసిన గీత ముందు ఆపాలి. మొదట రెండుసార్లు దాటింది. మూడోసారి బారెడు ముందే ఆగింది. చీకటి పడేవేళకు, మిషను మీద కుట్టును గుర్తు దగ్గర ఆపినట్టు, టైరును గీతకు తాకించి ఆపుతోంది. శౌరయ్య గోడౌను అరుగు మీద కూర్చుని శనక్కాయలు ఒలిచాడు. తినడం మర్చిపోయి, ఒలిచినవన్నీ బ్లెస్సీ చేతిలో పోశాడు.

గురువారం టెస్టు ట్రాకు దగ్గర ఎండ మండిపోతోంది. ఇనస్పెక్టరు రిజిస్టరులో పేరు చూసి, "మళ్ళీ మీరేనా మేడమ్?" అన్నాడు. అక్కడున్న ఏజెంట్లలో ఒకడు శౌరయ్యకు కన్నుకొట్టాడు. శౌరయ్య వాడి వైపు చూడలేదు. తెరేసమ్మ ఒక్కతే ఎక్కింది. ఎనిమిది అంకె తిరిగింది, వెనక్కి వచ్చింది, చివర తెల్లగీత వైపు వచ్చింది. కమ్మీల అవతల నుంచి బ్లెస్సీ చూస్తోంది. పక్కన నాన్న కాలు మట్టిలో దిగబడుతోంది. ఎర్రలైట్లు వెలిగాయి. బండి గీతకు జానెడు ఇవతల ఆగి, కదలకుండా ఉండిపోయింది.

ఇనస్పెక్టరు టిక్కు పెట్టి, "ఈసారి కొత్తగా ఎవరి దగ్గరైనా నేర్చుకున్నారా?" అని అడిగాడు.

"మా అమ్మాయి దగ్గర," అంది తెరేసమ్మ.

*

శనివారం తొమ్మిదింటికి వన్ టౌన్ ప్రయాణం. లైసెన్సు కార్డు ఇంకా పోస్టులో రావాలి కానీ ఫోన్లోకి వచ్చేసింది. తెరేసమ్మ దాన్ని సంపూర్ణమ్మకు చూపించింది. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, "ఫోటోలో దొంగలాగున్నావు," అంది. రవూఫ్ గారు దారినపోతూ ఆగి, వన్ టౌన్ సందుల్లో తోపుడుబళ్ళవాళ్ళు హారన్ కొడితే వినరనీ, అద్దం దించి కేకెయ్యాలనీ సలహా చెప్పాడు. ఆయనకు ఇంకా టెస్టు కాలేదు.

తెరేసమ్మ చెప్పులు విప్పి, కొంగు బిగించి, స్టీరింగు ముందు కూర్చుంది. బ్లెస్సీ అలవాటుగా వెనక తలుపు తీసింది.

"అక్కడ కాదు," అన్నాడు శౌరయ్య. ముందు ఎడమ తలుపు తీసి పట్టుకున్నాడు. అది ఆయన సీటు. పద్నాలుగేళ్ళుగా అందులో ఇంకెవరూ కూర్చోగా బ్లెస్సీ చూడలేదు. కూర్చునే చోట సీటు ఆయన ఆకారంలో గుంటపడి ఉంది.

"మరి నువ్వు?"

"నేనొస్తే విజయవాడ చేరేసరికి రెండు చక్రాలూ మాడిపోతాయి." నవ్వాడు. తర్వాత కాస్త వంగి, ఆమెకు మాత్రమే వినపడేలా అన్నాడు. "వన్ టౌన్ దిగుడు రోడ్డులో నాకు ఇక్కడ కూర్చున్నా కాలు లాగుతుందే. అమ్మ బాగానే నడుపుతుంది. ఏదైనా తేడాగా కనపడితే నువ్వు చెప్పు. గట్టిగా చెప్పు."

బ్లెస్సీ ఎక్కింది. కింద ఆ రెండో పెడలు, అరిగి నున్నగా మెరుస్తూ, సరిగ్గా ఆమె పాదాల ముందుంది. ఆమె రెండు కాళ్ళూ పైకి లాగి, సీటు మీద బాసింపట్టు వేసుకుంది.

తెరేసమ్మ తాళం తిప్పింది. శౌరయ్య కూతురు పరికిణీ అంచును బయట వేలాడకుండా లోపలికి సర్ది, తలుపు వేశాడు.